మెదడు కణితి పరిశోధనకు ఒక ఖాతా తెరవండి: కేంద్ర ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉండే కమర్షియల్ పైలట్‌ని. ఈ ఉత్తరం నా ఒక్కడిదే కాదు. కొందరు తోటి పైలట్లు, మెదడు కణితికి ఆపరేషన్ చేయించుకుని కోలుకున్న కొందరు కలిసి రాయమంటే రాస్తున్నాను. మేమంతా బ్రెయిన్ ట్యూమర్ పరిశోధన కోసం కొంత డబ్బు పోగుచేశాం. పెద్ద మొత్తమేమీ కాదు, కొన్ని లక్షలు. ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలో మాకు తెలియడం లేదు.

ఆస్పత్రులు డబ్బు వద్దంటాయా అని మీరు అడగొచ్చు. వద్దనలేదు. పేద రోగుల వైద్యానికి ఇస్తామంటే ఎక్కడైనా సంతోషంగా తీసుకుంటారు, అది మంచి పనే. కానీ "వైద్యానికి కాదండీ, ఈ జబ్బు మీద పరిశోధనకి" అనేసరికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒకచోట ఏదైనా మెషీన్ కొనిపెట్టమన్నారు. ఇంకోచోట బయటివాళ్ళ నుంచి నేరుగా తీసుకునే పద్ధతి లేదు, ప్రాజెక్టుగా రావాలి అన్నారు. ప్రాజెక్టు రాయడానికి మేము శాస్త్రవేత్తలం కాదు కదా.

పైలట్లకు ఇందులో ఏం పని అని కూడా అనిపించవచ్చు. మా ఉద్యోగం మొత్తం క్లాస్-1 మెడికల్ అనే ఒక ఆరోగ్య సర్టిఫికెట్ కాగితం మీద ఉంటుంది. అది పోతే ఎన్ని వేల గంటలు నడిపిన కెప్టెనైనా ఇంట్లో కూర్చోవాల్సిందే. మాతో పనిచేసిన ఒక కుర్ర ఫస్ట్ ఆఫీసర్‌కి (కో-పైలట్‌కి) రాత్రి నిద్రలో ఫిట్స్ వచ్చాయి. అంతకుముందు తలనొప్పి కూడా లేదు. ఎమ్మారై తీస్తే గ్లయోమా అనే రకం మెదడు కణితి అన్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు ఆరోగ్యంగానే ఉన్నాడు, ఈమధ్యే పెళ్ళి చేసుకున్నాడు. విమానం మాత్రం నడపలేడు. ఆ నిబంధన మీద మాకు ఫిర్యాదు లేదు, ప్రయాణికుల ప్రాణాలు ముఖ్యం. మా బాధ వేరే. అతని కణితి ఏ రకమో తేల్చే జన్యు పరీక్షకి శాంపిల్‌ని వేరే రాష్ట్రానికి పంపాల్సి వచ్చింది. రిపోర్టు వచ్చేదాకా ఆ ఇంట్లో ఎంత టెన్షనో దగ్గరుండి చూశాను.

అతనిది ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉన్న కణితి. గ్లయోమాల్లో ఆ మార్పు ఉంటుందని 2008లో కనిపెట్టారు. దాన్ని అడ్డుకునే వొరాసిడెనిబ్ అనే మందుకి అమెరికాలో 2024 ఆగస్టులో అనుమతి వచ్చింది. మధ్యలో గడిచిన 16 ఏళ్ళూ ఎక్కడో ఎవరో ఆపకుండా డబ్బు పెట్టారు కాబట్టే ఆ మందు తయారైంది. అలా డబ్బు పెట్టేవాళ్ళలో మన దేశం వాళ్ళూ, మేమూ ఉండాలన్నది మా కోరిక.

డబ్బు ఎలా పోగుచేశామో కూడా చెప్పాలి. పైలట్లు ఫ్లయింగ్ అలవెన్సులోంచి కొంత ఇచ్చారు. స్కూళ్ళకి, అపార్ట్‌మెంట్లకి వెళ్ళి పిల్లలకి విమానం ఎలా ఎగురుతుందో చెప్పాం. ఆ తర్వాత మైకు కణితి నుంచి కోలుకున్నవాళ్ళకి ఇచ్చేవాళ్ళం. అసలు డబ్బు వచ్చింది వాళ్ళ మాటలకే. జగిత్యాల వైపు నుంచి వచ్చే ఒక టీచరమ్మ ఉన్నారు. కణితి మాటకు సంబంధించిన భాగానికి దగ్గరగా ఉండడంతో, ఆపరేషన్ తర్వాత ఆమెకి కొన్ని మాటలు వెంటనే అందవు. "నా..." అని ఆగిపోతారు. హాలంతా ఎదురుచూస్తుంది. కాసేపటికి "నా స్కూలు" అంటారు. పాఠాలు చెప్పి బతికిన మనిషికి అది ఎంత కష్టమో ఎవరూ వివరించనక్కర్లేదు. ఒకసారి ముందు వరసలో కూర్చున్న చిన్నపిల్ల ఆమెకి మాట అందించింది. ఆమె నవ్వి, "పరీక్షలో అందిస్తే మాత్రం ఊరుకోను" అన్నారు. ఆ రోజు వచ్చినంత డబ్బు మాకు ఇంకెప్పుడూ రాలేదు.

మంత్రి గారూ, మా వృత్తిలో అందరికీ తెలిసిన ఒక పేరు చెప్తాను. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీదికి వెళ్ళకముందు నాసాలో టెస్ట్ పైలట్. ఆయన కూతురు కేరన్‌కి రెండేళ్ళ వయసులో మెదడు అడుగున ఉండే బ్రెయిన్ స్టెమ్‌లో కణితి వచ్చింది. ఇప్పుడు డాక్టర్లు డీఐపీజీ అని పిలిచే జబ్బు అది. 1961లో బయటపడింది. రేడియేషన్ ఇచ్చారు. 1962 జనవరి 28న పాప చనిపోయింది. ఇంకో ఏడున్నరేళ్ళకి తండ్రి చంద్రుడి మీద నడిచారు. ఈ రోజు విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక పాపకి అదే జబ్బు వస్తే, ప్రధాన వైద్యం ఇప్పటికీ రేడియేషనే. మెషీన్లు చాలా మెరుగయ్యాయి కానీ, ఎక్కువమంది పిల్లలు ఏడాది, ఏడాదిన్నర మించి బతకడం లేదు. ఈ కణితుల్లో చాలావాటిలో కనిపించే ఒక జన్యుమార్పు మీద పనిచేసే మొదటి మందు అమెరికాలో 2025 ఆగస్టులో అనుమతి పొందింది. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన 56 ఏళ్ళకి!

జనం ఇచ్చే చందాలతో ఏమవుతుందిలే అనుకోకండి. మెదడు కణితికి మన ఆస్పత్రుల్లో రోజూ రాసే టెమొజొలొమైడ్ చందాల డబ్బుతో పుట్టిన మందే. బ్రిటన్‌లో, బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ యూనివర్సిటీలో మాల్కమ్ స్టీవెన్స్ బృందం దాన్ని తయారుచేసింది. వెనక నిలబడి డబ్బు పెట్టింది క్యాన్సర్ రీసెర్చ్ క్యాంపెయిన్ అనే స్వచ్ఛంద సంస్థ. 2005లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, గ్లయోబ్లాస్టోమా అనే ప్రమాదకరమైన మెదడు కణితి ఉన్న రోగుల్లో ఉత్త రేడియేషన్ తీసుకున్నవాళ్ళు రెండేళ్ళకి వందలో 10 మంది మిగిలితే, ఈ మందు కూడా కలిపి తీసుకున్నవాళ్ళు 26 మంది మిగిలారు. తక్కువే. కానీ ఆ తేడాలో ఉన్నవాళ్ళలో ఒకరు మా గుంపులో ఉన్నారు.

అదే బ్రిటన్ నుంచి ఒక హెచ్చరిక కూడా ఉంది. మాజీ మంత్రి టెస్సా జోవెల్ గ్లయోబ్లాస్టోమాతో బాధపడుతూ 2018 జనవరిలో అక్కడి పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో మాట్లాడారు. మే నెలలో చనిపోయారు. అక్కడి ప్రభుత్వం ఈ జబ్బు మీద పరిశోధనకి 40 మిలియన్ పౌండ్లు ప్రకటించింది. 2023 మొదట్లో అక్కడి ఎంపీల బృందం లెక్క తీస్తే, సుమారు 15 మిలియన్లే ప్రాజెక్టులకు అందాయని తేలింది. డబ్బంతా రోగుల దగ్గర జరిగే పరిశోధనకే అన్నారు. అక్కడిదాకా రావాలంటే ముందు ల్యాబ్‌లో జరగాల్సిన పని ఉంటుంది, దానికి దారి పెట్టలేదు. అందుకే మేము ఒక పెద్ద అంకె ప్రకటించమని అడగడం లేదు. ఖర్చయ్యే దారి ఉన్న నిధి అడుగుతున్నాం.

దేశంలో వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్ మీ శాఖ కిందే ఉంది. అందులో మెదడు కణితి పరిశోధన కోసం ఒక ప్రత్యేక ఖాతా తెరవండి. వంద రూపాయలు ఇచ్చే స్కూలు పిల్ల దగ్గర్నుంచి కంపెనీ దాకా ఎవరైనా నేరుగా వేయగలగాలి. జనం ఇచ్చే ప్రతి రూపాయికి కేంద్రం ఇంకో రూపాయి కలపాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 2023లో పార్లమెంటు చేసిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం ఉద్దేశమే ప్రభుత్వం బయట ఉన్న డబ్బును కూడా పరిశోధనలోకి తేవడం. ఐదేళ్ళకి 50 వేల కోట్లు అన్నారు, అందులో ఎక్కువ భాగం బయటి నుంచే రావాలన్నారు. కంపెనీలకి దారి ఆలోచించినవాళ్ళు మాలాంటి మామూలు మనుషులకీ ఒక దారి చూపించాలి.

ఆ డబ్బు మొదట ఎక్కడ పెట్టాలంటే, కణితి ముక్కల్ని భద్రపరిచే బ్యాంకుల్లో. ఇది మాకు డాక్టర్లు చెప్పిన మాట. రొమ్ము క్యాన్సర్‌లా మెదడు కణితి ఒక్కో ఊళ్ళో వందలమందికి రాదు. దేశం మొత్తం మీద చూస్తే మాత్రం తక్కువేం కాదు. ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు ఇచ్చే గ్లోబోకాన్ 2018 అంచనా ప్రకారం ఏడాదికి సుమారు 28 వేల కొత్త కేసులు, 24 వేల మరణాలు. మందులు మెదడులోకి అంత తేలిగ్గా చేరవు కాబట్టి కంపెనీలకీ ఆసక్తి తక్కువ. ఇలాంటి జబ్బులో ఆపరేషన్‌లో తీసిన ప్రతి ముక్కా విలువైనదే. రోగి అనుమతి తీసుకుని దాన్ని వెంటనే గడ్డకట్టించి దాచాలి. అలా దాచడానికి ఫ్రీజర్ కావాలి, రాత్రి కరెంటు పోతే చూసుకునే మనిషి కావాలి, రోగి వివరాలు రాసి పెట్టే మనిషి కావాలి. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీకీ గాంధీ ఆస్పత్రికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆపరేషన్ థియేటర్లూ ఉన్నాయి, శాస్త్రవేత్తలూ ఉన్నారు. వాళ్ళని కలపడానికి ఎవరో ఒకరు జీతం ఇచ్చి మనుషుల్ని పెట్టాలి.

ఒక చిక్కు ఉందని తెలుసు. టాటా మెమోరియల్, అక్కడి నుంచి నడిచే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అణుశక్తి శాఖ కిందికి వస్తాయి, మీ కిందికి కాదు. ఆ గ్రిడ్‌లో 300కి పైగా ఆస్పత్రులు, సంస్థలు ఉన్నాయి. వాళ్ళని పక్కనపెట్టి ఈ పని చేయలేం. రెండు శాఖలూ ఒక్కసారి కూర్చుంటే తేలిపోయే విషయం ఇది. కూర్చోబెట్టగలిగింది మీరే. ఇంకా, ఎంత వచ్చింది, ఎవరికి ఇచ్చారు, ఎంత మిగిలింది అన్న లెక్క ఏటా జూన్ 8న, ప్రపంచ బ్రెయిన్ ట్యూమర్ దినం రోజున, అందరికీ కనిపించేలా పెట్టండి. డబ్బు మిగిలిపోతే ఎందుకు మిగిలిందో కూడా రాయండి.

మా డబ్బు ప్రస్తుతం బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది. మీ శాఖ నుంచి ఖాతా నంబరు వచ్చిన వారంలోగా వడ్డీతో సహా జమచేస్తాం. టీచరమ్మా, మా ఫస్ట్ ఆఫీసరూ మీ అధికారుల్ని కలవడానికి ఢిల్లీ రావడానికి సిద్ధంగా ఉన్నారు. తేదీ చెప్పండి, టికెట్లు మేము చూసుకుంటాం.

భవదీయుడు,
ఒక కమర్షియల్ పైలట్,
తోటి పైలట్లు, మెదడు కణితి నుంచి కోలుకున్న మిత్రుల తరఫున,
హైదరాబాద్