కుక్కను ముట్టుకుంటే వజూ పోదు

సంపాదకుడు గారికి, నమస్కారం.

మసీదు వీధిలో కుక్కల గొడవ మీద పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఎవరైనా సరిదిద్దుతారేమోనని చూశాను, ఎవరూ రాయలేదు. గొడవ ఎట్లా మొదలైందో, ఎవరు ఎవర్ని ఏమన్నారో సంతపేటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి అదంతా మళ్లీ చెప్పను. ‘కుక్క తాకితే మైలపడతారు, అందుకే ముస్లింలకు కుక్కలంటే పడదు’ అని మీ విలేకరి రాసిన మాట ఒక్కటే నన్ను బాధపెట్టింది. మసీదు గేటు దాకా వచ్చిన మనిషి లోపలికొచ్చి ఇమాంసాబ్‌ను అడిగుంటే ఆ మాట అచ్చయ్యేదే కాదు.

కుక్కను ముట్టుకుంటే వజూ పోదు. వజూ అంటే నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కుని పొందే శుద్ధి. అది ఏ మజ్‌హబ్‌లోనూ, అంటే ఏ ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయంలోనూ పోదు. నమాజుకు అడ్డమయ్యేది నజాసత్, అంటే ఒంటికో బట్టకో అంటిన మలినం. అది కడిగేస్తే పోతుంది. మన వైపు ఎక్కువమందిమి హనఫీ మజ్‌హబ్ వాళ్లం. మాకు కుక్క ఎంగిలి నాపాక్ (అపవిత్రం), పొడిగా ఉన్న దాని ఒళ్లు బట్టకు రాసుకుంటే ఏమీ కాదు. కేరళ ముస్లింలలో ఎక్కువమంది షాఫయీ మజ్‌హబ్ వాళ్లు. వాళ్లకు పట్టింపు ఎక్కువ, తడి కుక్క తగిలినా ఆ చోటు ఏడుసార్లు కడుక్కోవాలి, అందులో ఒకసారి మట్టితో. మాలికీ మజ్‌హబ్ వాళ్లైతే కుక్కను నాపాక్ అనరు, అది మూతిపెట్టిన గిన్నెను మాత్రం ప్రవక్త చెప్పారు కాబట్టి కడుగుతారు.

మా దాదీ వాకిట్లో పెట్టిన ఇత్తడి చెంబులో ఒకసారి వీధి కుక్క మూతిపెట్టింది. ఆమె నీళ్లు పారబోసి, పెరట్లో నుంచి గుప్పెడు ఎర్రమన్ను తెచ్చి రుద్ది, ‘ఏక్, దో’ అని పైకి లెక్కపెడుతూ ఏడుసార్లు కడిగింది. కడగడం అయ్యాక అంచు విరిగిన మట్టి మూకుడు వెతికి, నీళ్లు పోసి, అదే కుక్కకు గోడవారన పెట్టింది. దప్పికతో బురద నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి తన తోలు జోడులో నీళ్లు తెచ్చి తాపిన మనిషిని అల్లా క్షమించాడన్న హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం) నేను మొదట విన్నది ఆమె నోటే. ఖురాన్ 18వ సూరా(అధ్యాయం)లో విశ్వాసం కోసం గుహలో తలదాచుకున్న యువకుల కుక్క గడప దగ్గర కాళ్లు చాపుకుని ఉంటుంది. 5వ సూరాలో వేటకుక్క పట్టి తెచ్చింది తినొచ్చని ఉంది. ప్రవక్త కాలంలో కుక్కలు మసీదులోకి వచ్చిపోతుండేవని, అందుకని నీళ్లు చల్లేవారు కాదని ప్రవక్త అనుచరుడు ఇబ్ను ఉమర్ చెప్పిన మాట బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. వేటకు, మందకు, పొలానికి తప్ప ఊరికే కుక్కను పెంచొద్దని ప్రవక్త అన్నారు, అదీ నిజమే. పెంచకపోవడం వేరు, ద్వేషించడం వేరు. ఆ గొడవ రోజు కుక్కల మీద రాళ్లేసిన మా కుర్రాళ్లకూ ఇదే చెబుతున్నాను, దీన్ (మతం) పేరు చెప్పి మూగజీవాన్ని కొట్టకండి.

అసలు సంగతి వార్తలో ఎక్కడా లేదు. సందు మొదట్లో రోజూ రాత్రి కోడి పేగులు, ఈకలు పోసి పోతున్నారు. వాటి కోసం వచ్చిన కుక్కలు ఫజర్ నమాజుకు చీకట్లో వెళ్లే ముసలివాళ్ల వెంటపడుతున్నాయి. వెంకన్న గుడికి వెళ్లే ఆడవాళ్లకూ అదే భయం. మేం హిందువులం, ముస్లింలం కలిసే రెండుసార్లు అర్జీ ఇచ్చాం. ఒక ఆఫీసులో ఇంకో సెక్షన్‌కు పొమ్మన్నారు, అక్కడ సార్ మీటింగులో ఉన్నారన్నారు. కుక్కలకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలని కేంద్రం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. చెత్త తీయడానికైతే ఏ నిబంధనా అక్కర్లేదు. నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. పిల్లవాడు తప్పు రాస్తే దిద్దించి మళ్లీ రాయించేవాణ్ణి. ఇప్పుడు ఆఫీసుల్లోనూ పత్రికల్లోనూ దిద్దేవాళ్లే కరువయ్యారు. చేతగాని పనిని మతం గొడవ కింద రాసేస్తే అధికారులకు హాయి, ఇరుగుపొరుగున బతికే మాకు కష్టం.

ఆ వాక్యానికి సవరణ వేయండి. వార్త వచ్చిన పేజీలోనే వేయండి. మీ విలేకరిని తెల్లవారుజామున ఐదింటికి ఇంకోసారి మా సందుకు పంపండి. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి అంచు కత్తిరించి ఉంటుంది. నిన్న గేటు ముందు తొమ్మిది కుక్కలను లెక్కపెట్టాను, ఒక్కదాని చెవికీ ఆ గుర్తు లేదు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సంతపేట, చిత్తూరు