కావలిలో ఒక పాత పిన్‌బాల్ మిషను మళ్లీ ఆడుతోంది: అందరికీ కృతజ్ఞతలు

మా వరండాలో దుప్పటి కప్పి పెట్టిన ఆ పొడవాటి పెట్టె ఏమిటని చాలాకాలంగా అడుగుతున్నవారికి ఇప్పుడు ధైర్యంగా జవాబు చెప్పగలను. అది పిన్‌బాల్ మిషను, అంటే వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు బంతిని కొడుతూ పాయింట్లు తెచ్చుకునే ఆట పెట్టె. నిన్నమొన్నటి దాకా ఉలుకూ పలుకూ లేనిది, ఇప్పుడు దీపాలు వెలిగించుకుని గంటలు మోగిస్తూ ఆడుతోంది. దాన్ని ఆడించినవారిలో ఎక్కువమంది పిన్‌బాల్ అనే మాట అంతకుముందు ఎప్పుడూ వినలేదు. వారిలో కొందరు డబ్బు తీసుకోలేదు, కొందరు తీసుకున్నా చేసిన పనికి అది ఏ మూలకూ రాదు. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు వద్దని ముగ్గురు నలుగురు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. పని చెబితే మనిషెవరో ఊళ్లోవాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది.

మిషను సంగతి ముందు చెప్పాలి. చికాగో ప్రాంతపు గాట్లీబ్ కంపెనీ 1976లో తయారుచేసిన 'రాయల్ ఫ్లష్' ఇది. నలుగురు వంతులవారీగా ఆడవచ్చు. లోపల చిప్పు లేదు, ప్రోగ్రాము లేదు. రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్చులు), కాయిళ్లు (తీగ చుట్టలు), అంకెల చక్రాలు, ఒక చిన్న మోటారు, రంగురంగుల తీగలు, అంతే. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చి ఈ తరహా మిషన్లకు కాలం చెల్లింది. బంతి కిందికి జారిపోకుండా తిరిగి పైకి కొట్టే రెక్కల్ని ఫ్లిప్పర్లు అంటారు. వాటిని 1947లో 'హంప్టీ డంప్టీ' అనే మిషనులో మొదటిసారి పెట్టింది కూడా ఈ గాట్లీబ్ వాళ్లే. అందులో ఏకంగా ఆరు ఉండేవి. మాదాంట్లో రెండే, కానీ ఎదురుగా తొమ్మిది టార్గెట్లు ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. బంతి తగిలితే ఒక్కొక్కటీ కిందికి దిగిపోతుంది.

మొదటి కృతజ్ఞత నెల్లూరు మూలాపేటలోని కుటుంబానికి. మద్రాసులో మూతపడిన ఒక క్లబ్బు నుంచి వాళ్ల నాన్నగారు ఎప్పుడో కొని తెచ్చిన మిషను ఇది. ఆ తర్వాత వాళ్ల బియ్యం మిల్లు గోడౌనులో తవుడు దుమ్ము కింద ఉండిపోయింది. పాత ఇనుము వ్యాపారి కిలో లెక్కన ధర కడితే ఇవ్వకుండా, నేను అడగగానే రూపాయి తీసుకోకుండా ఇచ్చేశారు. "దీన్ని విడగొట్టి అమ్మకండి, అది చాలు" అన్నారు వాళ్ల అమ్మగారు. తర్వాత ఆవిడే ఒక ట్రంకు పెట్టె అంతా వెదికి ముందు తలుపు తాళంచెవి, దాంతోపాటు మడతపెట్టిన వైరింగ్ పటం కొరియర్‌లో పంపించారు. పటం ఒక మూల ఎలుకలు కొట్టేశాయి. ఆ మూలలో ఏముండాలో అమెరికాలో ఒక పెద్దమనిషి తన దగ్గరున్న ప్రతిని స్కాన్ చేసి పంపారు. ముక్కూ మొహం తెలియనివాడికి, అదీ రాత్రికి రాత్రే. ఆయనకు తెలుగు రాదు, ఇది చదవలేరు. అయినా చెప్పవలసింది చెప్పాలి కదా.

ఇక ఒంగోలు పెద్దాయన. ఈయన లేకపోతే ఈ పోస్టే లేదు.

ఆయన టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో స్ట్రోజర్ ఎక్స్‌ఛేంజిలో పని. నంబరు తిప్పితే గదినిండా రిలేలు టకటకలాడుతూ ఒక ఫోనును ఇంకో ఫోనుతో కలిపే కాలం అది. మా మెడికల్ షాపుకు మందులు తెచ్చే కుర్రాడి ద్వారా ఆయన సంగతి తెలిసింది. ఫోను చేసి, లోపలి భాగాల ఫోటోలు పంపాను. మర్నాడు ఉదయం పినాకిని రైల్లో దిగారు, చేతిలో ఒక ఖాకీ సంచితో. ఆ సంచిలో స్ప్రింగుల బిగువు కొలిచే గేజి, కాంటాక్టు రేకుల్ని వంచే పట్టుకారు, కాంటాక్టులు శుభ్రం చేసే పలుచటి ఉక్కు పలక. ఇంకెప్పటికీ పని ఉండదని తెలిసి కూడా ఇన్నేళ్లూ నూనె రాసి దాచుకున్నారు.

మూత ఎత్తి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత స్కోరు మోటారు వైపు చూపించి నాకు పాఠం మొదలుపెట్టారు. పాత ఫోనులో 5 తిప్పి వదిలితే ఐదు విద్యుత్ దెబ్బలు వెళ్తాయి, ఎక్స్‌ఛేంజిలో చెయ్యి ఐదు మెట్లు ఎక్కుతుంది. ఇక్కడ 500 పాయింట్లు రావాలంటే మోటారు మీది క్యాములు (తిరుగుతూ స్విచ్చుల్ని నొక్కే గట్ల చక్రాలు) ఐదు దెబ్బలిస్తాయి, వందల చక్రం ఐదు అంకెలు కదులుతుంది. "వీళ్లు చికాగోలో కూర్చుని మా ఎక్స్‌ఛేంజికి బొమ్మలు అంటించారయ్యా" అన్నారు. పటం మీద వేలు పెట్టి తీగల దారిని పేపరు చదివినంత హాయిగా చదువుకుంటూ పోయారు.

అసలు జబ్బు ఏమిటంటే, మొదలుపెట్టే బటన్ నొక్కితే మోటారు ఆగేది కాదు. కొత్త ఆటకు అంకెల చక్రాలన్నీ సున్నాకు రావాలి. సున్నా దగ్గరకు రాగానే ప్రతి చక్రం వెనకా ఒక కాంటాక్టు విడిపోతుంది, అన్నీ విడిపోయాకే మోటారు ఆగుతుంది. ఎక్కడో ఒక్కటి విడిపోవడం లేదు. నలుగురు ఆటగాళ్ల చక్రాలు వెదకాలి. ఆయన మల్టీమీటరు తీగ పెడుతూ, కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ, మూడో ఆటగాడి పదుల చక్రం దగ్గర ఆగారు. వంగిన రేకు ఒకటి వెంట్రుకవాసి తేడాతో అంటుకునే ఉంది. పట్టుకారుతో ఒక్క వంపు. బటన్ నొక్కితే చక్రాలు గిరగిరా తిరిగి సున్నాల మీద నిలబడ్డాయి, మోటారు ఆగింది. నాకు నోట మాట రాలేదు. ఆయన మాత్రం "ఇంకా పని ఉంది" అని రెండో రిలే దగ్గరికి వెళ్లిపోయారు.

రిలే కాంటాక్టుల మీద ఉప్పుకాగితం పెట్టనివ్వలేదు ఆయన. పైన ఉన్న వెండి పొర అరిగిపోతుందని, గరుకు రేణువులు మిగిలిపోయి మళ్లీ మంటలు రేపుతాయని చెప్పారు. మా షాపు విజిటింగ్ కార్డును స్పిరిట్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి మెల్లగా లాగమన్నారు. కార్డు నల్లగా బయటికి వచ్చేది. దెబ్బకో మెట్టు కదిలే స్టెప్పర్ల చిలుము పట్టిన పలకల మీద గట్టిపడిన పాత గ్రీజును మాత్రం ఆయనే కూర్చుని తీశారు. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు వచ్చారు. ప్రయాణ ఖర్చులు కూడా తీసుకోలేదు. ఆయన అడిగింది ఒక్కటే, మా అమ్మ చేసే కొర్రమీను పులుసు. అది కూడా మొదటిసారి తిన్నాకే అడిగారు.

వైండింగ్ షాపు అన్నకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఈయన పనంతా రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లతోనే. సీజనులో ఒక మోటారు ఆగితే చెరువులో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. కాబట్టి ఆయన షాపు ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు తొందరపెడుతూ నిలబడి ఉంటారు. వాళ్ల మధ్య నేను, బొటనవేలంత కాయిలు పట్టుకుని. ఎడమ ఫ్లిప్పర్ కాయిలు మాడిపోయింది. దానిలో రెండు చుట్టలుంటాయి. లావు తీగది బలంగా కొట్టడానికి, సన్న తీగది రెక్కను పైన పట్టి ఉంచడానికి. రెక్క పూర్తిగా లేవగానే చివర ఒక కాంటాక్టు విడిపోయి, కరెంటు సన్న తీగ గుండా కూడా వెళ్లి తగ్గిపోవాలి. అది విడిపోకపోతే లావు తీగ మాడుతుంది. ఇదంతా నేను వివరించబోతుంటే అన్న నవ్వి, "సింగిల్ ఫేజ్ మోటారులో స్టార్టింగ్ వైండింగును స్విచ్చి తీసేసినట్టే కదా సార్, స్విచ్చి అతుక్కుంటే నా దగ్గరికే వస్తారు" అన్నారు. మాడినదాన్ని విప్పుతూ చుట్లు లెక్కపెట్టి, తీగ గేజి కొలిచి, బాగున్న కాయిలుతో రెసిస్టెన్సు సరిచూసి కొత్తది చుట్టి ఇచ్చారు. కాంటాక్టు కూడా మార్చమని హెచ్చరించారు.

అంతకన్నా పెద్ద సాయం ట్రాన్స్‌ఫార్మరు. ఈ మిషను అమెరికా కరెంటుది, 115 వోల్టులు, 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క). మనది 230, 50 హెర్ట్జ్. వోల్టులు తగ్గించడం సులువే, హెర్ట్జ్ మార్చలేం. 60కి చేసిన ఇనుప కోరు 50 మీద నడిస్తే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. అన్న 115తోపాటు 110, 105, 100 వోల్టులకు ట్యాపులు తీసి 500 వీఏ ట్రాన్స్‌ఫార్మరు చుట్టారు. 105 దగ్గర పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మరు చెయ్యి పెట్టగలిగినంత వేడిలోనే ఉంటోంది, ఫ్లిప్పర్లకు బలమూ సరిపోతోంది. స్కోరు మోటారు మాత్రం అమెరికాలో తిరిగినదానికన్నా ఆరో వంతు నెమ్మది. నాకైతే ఆ నెమ్మదే బాగుంది, గంటలు ఒక్కొక్కటీ విడిగా వినిపిస్తాయి. పాత రెండు పిన్నుల తీగ తీసేసి ఎర్తింగుతో మూడు పిన్నులది వేసిన మా వీధి ఎలక్ట్రీషియన్‌కూ ఇక్కడే నమస్కారం. పిల్లలు చేతులు పెట్టే ఇనుప తలుపు అది.

వెనక అద్దం బాగుచేసింది సైన్‌బోర్డులు రాసే పెయింటరు గారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు పని తగ్గిపోయింది. కానీ ఒకప్పుడు బజారులో అద్దం బోర్డులన్నీ ఆయనవే. అద్దం వెనకవైపు నుంచి అక్షరాలు తిప్పి రాసేవారు. ఈ మిషను బొమ్మ కూడా అలాగే వెనకనుంచి వేసినదే, లోపలి బల్బుల వెలుగు రంగుల్లోంచి వస్తుంది. రంగు పెచ్చులుగా లేచి ఉంది. "రాలిపోయినదాని సంగతి తర్వాత, రాలబోయేదాన్ని ముందు ఆపుదాం" అని తడిగుడ్డ కూడా తగలనివ్వకుండా పారదర్శకమైన వార్నిషుతో పట్టించారు. తర్వాత వెనక బల్బు వెలిగించి పెట్టుకుని, వెలుగు రావలసిన చోట పలుచటి రంగు, రాకూడని చోట చిక్కటి రంగు నింపారు. రాణి చెంపను మాత్రం మళ్లీ వెయ్యనన్నారు. "పాతాయన గీత బాగుంది, నేను ముట్టుకోను" అన్నారు. ఆ చిన్న మచ్చ అలాగే ఉంది, ఉండాలి కూడా.

ఆ అద్దం మీది పేకముక్కల వల్ల ఒక గొడవ కూడా అయింది. మా వీధి పెద్దాయన ఒకరు "పేకాట మిషనా? పోలీసులొస్తారు" అని భయపెట్టారు. ఆయన అనుమానం మరీ కొత్తదేమీ కాదు. న్యూయార్క్ నగరం 1942లో పిన్‌బాల్‌ను జూదమని నిషేధించింది. 1976లో, అంటే మా మిషను తయారైన ఏడాదే, రోజర్ షార్ప్ అనే ఆయన నగర కౌన్సిల్ వారి ముందు ఆడి చూపించారు. బంతి ఏ దారిన పోతుందో ముందే చెప్పి అలాగే పంపారు. నిషేధం పోయింది. ఇది చెప్పాక పెద్దాయన "అయితే నన్నూ ఒకసారి చెప్పి కొట్టనివ్వు" అన్నారు. ఇప్పుడు ఆయన్ని లేపడమే కష్టంగా ఉంది.

చెదలు తిన్న పెట్టె మూలను ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఆయన అతుకు కనిపించకుండా సరిచేశారు. బంతి బేరింగుల షాపులో దొరికింది. వ్యాసం ఒక అంగుళం, దానిపైన ఇంకో పదహారో వంతు; బరువు 80 గ్రాములు. షాపాయన గీతలు లేనిది ఏరి ఇచ్చారు. బల్ల వాలు సరిచూసింది మా తాపీ మేస్త్రి, తన రసమట్టంతో. మూడున్నర డిగ్రీలని నేనంటే, "ఇంటి కప్పుకు కూడా ఇంత లెక్క అడగలేదు మీరు" అని నవ్వారు. రబ్బరు రింగులు, నైలాన్ గొట్టాలు, చిన్న బల్బులు చికాగో నుంచి మా బావమరిది తెచ్చాడు, ఆవకాయ పట్టుకెళ్లిన పెట్టెలోనే. 44 నంబరు బల్బు పావు ఆంపియరు తాగుతుంది, 47 నంబరుది 0.15 మాత్రమే. అద్దం రంగుకు వేడి తగ్గాలని 47వే తెమ్మంటే విసుక్కోకుండా వెదికాడు. పక్కింటి ఎనిమిదో తరగతి అమ్మాయి ప్రతి తీగకూ దారం కట్టి చీటీ రాసింది. ఆ చీటీలు లేకపోతే తిరిగి బిగించడం నా వల్ల అయ్యేది కాదు.

లోపలివన్నీ తీసేసి టీవీ తెర పెట్టి ఇస్తామన్న నగరంలోని వ్యాపారికి మాత్రం కృతజ్ఞతలు లేవు.

ఇంకా కొంత పని మిగిలే ఉంది. ఒక గంట సరిగా మోగడం లేదు, ఆట గెలిస్తే చెక్కమీద ఠపీమని కొట్టే కాయిలు అప్పుడప్పుడు మొరాయిస్తోంది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి కూడా ఏమీ అనని అమ్మకు, రాత్రి షాపు మూసి వచ్చాక నేను అన్నం చల్లారబెట్టుకున్నా ఓర్చుకున్న నా భార్యకు ఇంట్లో విడిగా చెప్పుకుంటాను. ఆదివారం సాయంత్రాలు ఐదు తర్వాత ఎవరైనా రావచ్చు, నాణేలు అక్కర్లేదు. వైండింగ్ షాపు అన్న ఒక్కరే ఇంతవరకూ ఆడలేదు, రొయ్యల సీజను అంటున్నారు. ఆయన షాపు వైపు వెళ్లేవాళ్లుంటే దయచేసి చెప్పండి. ఎడమ ఫ్లిప్పరు ఆయన చుట్టిందే, మొదటి వంతు ఆయనకే ఉంచాను.