మాల్‌లో ఫొటోలు, చెరిపివేసే అధికారం: పురపాలక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను నారాయణగూడలో ఇరవై ఆరేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. కెమెరాయే నా జీవనాధారం కనుక ఎక్కడ ఫొటో తీయవచ్చు, ఎక్కడ తీయకూడదు అన్న ప్రశ్న నాకు కొత్తది కాదు. అయినా ఈ లేఖ రాయడానికి కారణం నా వృత్తి కాదు, గత వానాకాలంలో మా అమ్మకు జరిగిన ప్రమాదం.

నగరానికి పడమటి వైపున్న ఒక పెద్ద మాల్‌కు ఆ రోజు ఇంటిల్లిపాదీ వెళ్లాం. రెండో అంతస్తు మెట్ల దగ్గర పైకప్పు నుంచి నీళ్లు కారి నేలంతా తడిసి ఉంది. జాగ్రత్త అని చెప్పే పలకగానీ, అడ్డంగా ఒక తాడుగానీ లేవు. డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ అక్కడ జారిపడింది, మణికట్టు విరిగింది. చెల్లెలు ఆమెను లేవదీస్తుండగా నేను ఆ తడి నేలనూ, నీళ్లు కారుతున్న చోటునూ ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీశాను. ఇద్దరు సెక్యూరిటీ గార్డులు వచ్చి ఇక్కడ ఫొటోలు తీయకూడదన్నారు. వెనకే వచ్చిన సూపర్‌వైజర్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, గ్యాలరీ తెరిచి ఆ నాలుగింటినీ తొలగించాడు. అంతటితో ఆగకుండా, తొలగించినవి నిలవ ఉండే చోటికి కూడా వెళ్లి పూర్తిగా చెరిపేశాకనే ఫోన్ తిరిగి ఇచ్చాడు. అమ్మ నొప్పితో విలవిల్లాడుతుంటే వాదనకు దిగే స్థితిలో నేను లేను. రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లి నాలుగు ద్వారాలూ చూశాను. ఫొటోలు నిషేధమన్న బోర్డు ఒక్కచోటా లేదు. వైద్యం ఖర్చు కోసం యాజమాన్యానికి ఉత్తరం రాస్తే, ఆ రోజు నేల తడిగా ఉన్నట్టు తమ వద్ద ఎటువంటి నమోదూ లేదని జవాబు వచ్చింది.

మాల్ ప్రైవేటు ఆస్తి అన్న సంగతి నేను మరచిపోలేదు. తన ఆవరణలోకి వచ్చేవారికి షరతులు పెట్టుకునే హక్కు యజమానికి ఉంది. ఫొటోలు వద్దని చెప్పవచ్చు, వినకపోతే బయటికి వెళ్లమనవచ్చు, వెళ్లనని మొండికేస్తే పోలీసులను పిలవవచ్చు. అంతవరకు నాకు పేచీ లేదు. కానీ ఆ ఆవరణ యజమానిదైనట్టే నా ఫోన్ నాది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ ప్రకారం ఒక పోలీసు అధికారి సైతం దొంగసొత్తు అనో, నేరంతో సంబంధం ఉన్నదనో అనుమానం కలిగినప్పుడే ఒక వస్తువును స్వాధీనం చేసుకోగలడు. ఆ సంగతిని మేజిస్ట్రేటుకు నివేదించాలి కూడా. పోలీసుకే ఇన్ని కట్టుబాట్లు ఉండగా, ఒక ప్రైవేటు ఏజెన్సీ ఉద్యోగి పౌరుడి ఫోన్ తెరిచి, అందులోని కుటుంబ ఫొటోల మధ్య వెతికి, తనకు నచ్చనివి చెరిపివేయడానికి అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పిన దేశం మనది.

ఫొటోలు తీయడంపై చట్టాలు మౌనంగా ఏమీ లేవు. స్త్రీలు ఏకాంతంలో ఉన్నప్పుడు దొంగచాటుగా చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. ఎవరి రహస్యాంగాలనైనా అనుమతి లేకుండా చిత్రించడం, ఆ చిత్రాలను ఇతరులకు పంపడం ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం. సినిమా హాల్లో తెరను రికార్డు చేయడాన్ని 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం కఠినంగా నిషేధించింది. ఇవన్నీ ఉండవలసినవే, ఇంకా గట్టిగా అమలు కావలసినవే. మరోవైపు 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చూడండి: బహిరంగ స్థలంలోగానీ, ప్రజలకు ప్రవేశం ఉన్న ఆవరణలోగానీ శాశ్వతంగా నెలకొల్పిన శిల్పాన్ని ఫొటో తీస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదని అది చెబుతుంది. ప్రైవేటు ఇల్లు వేరు, ప్రజలను లోపలికి ఆహ్వానించే ఆవరణ వేరు అన్న తేడాను మన శాసనకర్తలు అప్పటికే గుర్తించారని నాకు ఇందులో కనిపిస్తున్నది.

ఇంకొక విషయం తమ దృష్టికి తేవాలి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం ఒకేసారి వందమందిగానీ, రోజుకు ఐదువందల మందిగానీ వచ్చే సంస్థలన్నీ సీసీ కెమెరాలు పెట్టి, దృశ్యాలను 30 రోజులపాటు భద్రపరచాలి. మంచి చట్టమే, ఎన్నో నేరాలు తేలడానికి ఆ కెమెరాలు పనికివస్తున్నాయి. మా అమ్మ పడిన దృశ్యం కూడా ఏదో ఒక కెమెరాలో ఉండే ఉంటుంది. దాన్ని చూపించమని అడిగితే కుదరదన్నారు. ప్రమాదం జరిగిన చోటికి సంబంధించిన చిత్రాలన్నీ యాజమాన్యం దగ్గరే ఉండి, గాయపడినవారి చేతిలో ఒక్కటీ మిగలనప్పుడు, వినియోగదారుల కమిషన్ ముందు ఆ ముసలామె ఏ ఆధారం పెట్టాలి? గరిష్ఠ చిల్లర ధరకు మించి వసూలు చేసినా, గడువు దాటిన సరుకు అల్మరాలో కనిపించినా, అత్యవసర ద్వారానికి తాళం వేసి ఉన్నా, సామాన్యుడికి ఉన్న సాక్ష్యం ఫోన్‌లో తీసుకున్న ఆ ఒక్క ఫొటోయే.

యాజమాన్యాల ఇబ్బందులు నాకు తెలియనివి కావు. రీళ్ల కోసం దారికి అడ్డంగా ట్రైపాడ్లు పెట్టేవారినీ, వద్దంటున్నా పక్కవారి పిల్లలను వీడియో తీసేవారినీ నేనూ చూస్తున్నాను. చిత్రంలో పడేవారి ఇష్టాయిష్టాలకు విలువ ఇవ్వడం ఈ నగరానికి పాత అలవాటు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ 1892లోనే పరదా పాటించే స్త్రీల కోసం ఇక్కడ ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, అక్కడ ఫొటోలు తీయడానికి ఒక మహిళనే నియమించాడు. నా స్టూడియోకు వచ్చే ప్రతి కుర్రవాడికీ ముందుగా నేర్పేది అడిగి తీయమనే. కానీ తడిసిన నేలకు గోప్యత లేదు.

ఆ గార్డులపై నాకు కోపం లేదు. రోజంతా నిలబడి, పైవాళ్లు చెప్పినది చేసే మనుషులు వాళ్లు. తమ అధికారం ఎంతవరకో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005 కింద గార్డులకు శిక్షణ తప్పనిసరి కనుక, ఫోన్ లాక్కోకూడదు, ఫొటోలు చెరపకూడదు అన్న రెండు మాటలు ఆ శిక్షణలో చేర్చేలా హోం శాఖతో తమరు మాట్లాడాలని కోరుతున్నాను.

ప్రైవేటు ఆవరణ కాబట్టి ప్రభుత్వం జోక్యం చేసుకోలేదని అధికారులు అనవచ్చు. అయితే 2018 మార్చిలో తమ శాఖే జీవో 63 ఇచ్చి, మాళ్లలో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్ రుసుము తీసుకోకూడదని ఆదేశించింది. బిల్లు చూపించినవారికి మరికొంత వెసులుబాటు కూడా ఇచ్చింది. స్థలం వాళ్లదే అయినా, ప్రజలతో వ్యాపారం చేసే చోట నియమం పెట్టవచ్చని ఆ రోజు ప్రభుత్వం నిరూపించింది. అదే ఏడాది జులైలో భారత పురావస్తు శాఖ, తాజ్ మహల్ సమాధి మందిరం వంటి మూడు చోట్లు మినహా తన రక్షణలోని కట్టడాల్లో ఫొటోలకు అనుమతి ఇచ్చింది. చార్మినార్ దగ్గర, గోల్కొండ దగ్గర సందర్శకుడికి ఉన్న స్పష్టత బట్టలు కొనడానికి వెళ్లిన చోట లేకపోవడం సబబుగా లేదు.

కనుక ట్రేడ్ లైసెన్సు షరతుగా ఒక ఉత్తర్వు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఫొటోలపై ఆంక్షలు ఉంటే వాటిని ప్రవేశ ద్వారం దగ్గరే తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసి పెట్టాలి; రాయని ఆంక్ష చెల్లకూడదు. ప్రమాదం, ధర, సరుకు నాణ్యత, భద్రతా లోపం వంటివాటికి ఆధారంగా తీసే ఫొటోలను ఏ ఆంక్షా అడ్డుకోకూడదు. గాయపడినవారు రాతపూర్వకంగా అడిగితే ఆ సమయపు సీసీ కెమెరా దృశ్యాలను 30 రోజులు దాటినా చెరపకుండా ఉంచాలి. ట్రయల్ రూములు, మరుగుదొడ్లు, పిల్లల ఆట స్థలాల వంటి చోట్ల ఇప్పుడున్న నిషేధాలు యథాతథంగా ఉండాలి. ఆసుపత్రుల సంగతి వేరు. అక్కడ రోగుల గోప్యతను దృష్టిలో పెట్టుకుని వైద్యారోగ్య శాఖ విడిగా ఆలోచించాలి.

బోర్డు మీద ఏమి రాయాలన్న సందేహం రాకుండా, నాకు తోచిన మాటలు ఇక్కడే ఇస్తున్నాను: “ఇక్కడ మీ కోసం, మీవారి కోసం ఫొటోలు తీసుకోవచ్చు. ఇతరులను వారి అనుమతి లేకుండా తీయరాదు. వ్యాపార చిత్రీకరణకు ముందుగా అనుమతి తీసుకోవాలి. మా సిబ్బంది మీ ఫోన్‌ను తీసుకోరు, మీ ఫొటోలను చెరపరు.”

ఇట్లు,
భవదీయుడు,
నారాయణగూడ నుంచి ఒక ఫొటోగ్రాఫర్