గ్రంథాలయ గది నిర్మాణం: జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చినవారికి, ఇస్తామన్నవారికి, ఇవ్వబోతే మేం వద్దన్నవారికి కూడా ఈ లెక్క.

జమ: చందాలు రూ. 6,84,500, బ్యాంకు వడ్డీ రూ. 3,120, మొత్తం రూ. 6,87,620.

ఖర్చు: ఇటుక, ఇసుక, సిమెంటు, ఇనుము రూ. 3,96,400, మేస్త్రికి ముట్టినది రూ. 1,90,000, తలుపులు, కరెంటు పని, రంగులు రూ. 61,750, రశీదు పుస్తకాలు, బ్యాంకు ఛార్జీలు రూ. 2,340. మొత్తం రూ. 6,50,490.

నిల్వ: రూ. 37,130 (బ్యాంకులో 36,280, చేతిలో 850).

శంకుస్థాపన రోజు మైకులో చదివిన పేర్లకూ ఈ జమకూ పొంతన లేదని కొందరు అడిగారు. ఉండదు. ఆ రోజు చదివినవి వాగ్దానాలు. డబ్బు చేతికో ఖాతాకో వచ్చి రశీదు తెగితేనే జమ. చెక్కయితే పాసయ్యాకే రశీదు. రూ. 25,000 చెక్కు ఒకటి తేదీ వేసి మూడు నెలలు దాటాక మా చేతికొచ్చింది. 2012 ఏప్రిల్ నుంచి మూడు నెలలు దాటిన చెక్కు చెల్లదు. వెనక్కిచ్చి కొత్తది అడిగాం, ఇంకా రాలేదు.

ఎక్కువ మాటలు పడింది అమెరికా చందాల దగ్గర. భారత పాస్‌పోర్టుతోనే అక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు తీసుకుని రశీదు ఇచ్చాం. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి సంగతి వేరు. ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు), పుట్టింది ఈ ఊళ్లోనే అయినా, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం అది విదేశీ సొమ్మే. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేనిదే మనం ముట్టుకోకూడదు. ‘మా అన్నయ్య ఖాతాకు పంపుతాం, ఆయన పేరున రాసుకోండి’ అన్నారు వాళ్లు. ప్రేమతో అన్న మాటే, కాదనలేం. కానీ దొడ్డిదారి దొడ్డిదారే, ఒప్పుకోలేదు.

లక్ష రూపాయల చందా ఒకటి, ముందు గోడంతా వ్యాపార ప్రకటనకు వదలాలన్న షరతుతో వచ్చింది. చందా తీసుకున్నామంటే షరతుకూ తలూపినట్టే, డబ్బు ఖర్చయిపోయినా గోడ వాళ్లదిగానే ఉంటుంది. తీసుకోలేదు.

సిమెంటు 60 బస్తాలు ఇస్తామన్నారు, 42 దించుకున్నాం. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది. తిప్పి పంపిన 18 బస్తాల్లో వేళ్లతో నలిపినా చిదమని గడ్డలున్నాయి. వస్తువులుగా వచ్చినవి నగదు జమలో కలపలేదు, వాటి రిజిస్టరు వేరు.

మేస్త్రి ఒప్పందం రూ. 2 లక్షలు, అందులో అయిదు శాతం, అంటే రూ. 10,000 ఆపాం. పై నిల్వలో ఇదీ ఉంది, కాబట్టి కమిటీ చేతిలో నిజంగా మిగిలింది రూ. 27,130. శ్లాబు మీద మళ్లు కట్టి పది రోజులు నీళ్లు నిలిపాకే సెంట్రింగ్ విప్పించాం. ఉత్తరం వైపు దూలం చివర కంకర తేలి గుల్లగా కనిపించింది. కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటరు అక్కడిదాకా పోలేదు, సెంట్రింగ్ పలకల సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయాయి. వదులు కంకర చెక్కించి పూడిపించాకే ఆ బిల్లు చెల్లించాం. ఆపిన పదివేలు వచ్చే వానాకాలం పైకప్పు కారకుండా నిలిస్తేనే ఇస్తాం.

ఈ లెక్కను సర్వసభ్య సమావేశం ఇంకా ఆమోదించలేదు. చదువుతుంటే చప్పట్లు కొట్టడం ఆమోదం కాదు. కమిటీలో లేని ఇద్దరు సభ్యులు ఓచర్లన్నీ సరిచూసి సంతకం చేయాలి, ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, కోరం, అంటే హాజరు కావాల్సిన కనీస సభ్యుల సంఖ్య, ఉండాలి. ఓచర్ల ఫైలు సమావేశానికి ముందు వారం రోజులు గ్రంథాలయంలో సాయంత్రం 5 నుంచి 7 దాకా ఉంటుంది. అభ్యంతరం ఉంటే ఓచరు నంబరు వేసి కాగితం మీద రాసివ్వండి, మినిట్సులో ఉన్నదున్నట్టు ఎక్కిస్తాం.