చిన్న దావాకు ఇంత ఖర్చా?
నగరంలోని సివిల్ కోర్టుల్లో చిన్న దావాల ఖర్చు అసలు తగాదా విలువనే మింగేస్తోంది. మా బస్తీలో మల్గి (దుకాణం గది) ఖాళీ చేసిన ఒక టైలర్‌కు యజమాని 40 వేల అడ్వాన్సు తిరిగివ్వలేదు. కోర్టు ఫీజు, వకీలు ఫీజు అలా ఉంచితే, వాయిదా ఉన్న ప్రతిసారీ ఆ టైలర్ తన దుకాణం మూసి ఆ రోజు సంపాదన వదులుకోవాలి. కేసు పిలవగానే అవతలి పక్షపు జూనియర్ వకీలు లేచి ‘టైం కావాలి’ అంటాడు, అంతే, మరో తేదీ. విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో (సివిల్ దావాలు నడిపే పద్ధతి చట్టంలో) రాసే ఉంది! తప్పుడు వాదనతో సతాయించినవారి నుంచి అదే కోడ్ 35-ఏ సెక్షన్ కింద ఇప్పించగల పరిహారం గరిష్ఠంగా 3,000 రూపాయలే; అది 1976 సవరణ నాటి లెక్క. వాణిజ్య వివాదాలకు 2015లోనే ఆ పరిమితి ఎత్తేశారు, మరి సామాన్యుడి దావాకు ఎందుకు ఎత్తరు? పార్లమెంటు దాన్ని దావా విలువకు తగ్గట్టు సవరించాలి. ఈలోగా లక్ష లోపు తగాదాలను, ప్రతివాది హాజరైన వెంటనే, ఆ కోడ్ 89వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికో లోక్ అదాలత్‌కో పంపాలి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. బలవంతపు రాజీ మాత్రం వద్దు. కేసు వేయకముందే న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చని ప్రతి ఫైలింగ్ కౌంటర్ దగ్గర తెలుగు, ఉర్దూల్లో బోర్డు పెట్టాలి.
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్