విజయవాడలోని ఉత్తరాంధ్ర వాసుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఆదివారం పని మానుకుని పిల్లాపాపలతో వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు చెప్పనక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తున్నాను. ఈ ఏడాది మనం వినతిపత్రంలో రాసిన మాటలు వెలగపూడి శాసనసభలో వినిపించాయి. నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది, ఏమీ అనుకోకండి.

ముందు వరద సంగతి. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు నీళ్లు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలను ముంచెత్తాయి. అక్కడ మనవాళ్లు ఉండేది చాలావరకు గ్రౌండ్ ఫ్లోర్ అద్దె గదుల్లోనే. కృష్ణలంక నుంచి వెళ్లిన మన కుర్రాళ్లు ఛాతీ లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు, నీళ్ల బాటిళ్లు నెత్తిన పెట్టుకుని సందుల్లోకి మోశారు. వాళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. నీళ్లు తీశాక ఇంకో కష్టం వచ్చింది. గ్రౌండ్ ఫ్లోర్ కుటుంబానికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. రాసుకోవడానికి వచ్చినవాళ్లు మన సభ్యుడొకరి ఆధార్ చూసి, ‘మీది టెక్కలి కదా, ఇక్కడెలా రాస్తాం’ అన్నారు. ఆయన వెనక గోడ మీద మెడ ఎత్తున బురద గీత ఇంకా తడిగానే ఉంది. అద్దె రసీదులు, గ్యాస్ బుక్కులు, పిల్లల స్కూలు కాగితాలు పట్టుకుని వార్డు సచివాలయాల చుట్టూ తిరిగి చాలామంది పేర్లు ఎక్కించాం. కొందరికి డబ్బు ఇప్పటికీ పడలేదు. ఆ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, వదిలిపెట్టలేదు.

వినతిపత్రం ఆలోచన అప్పుడే పుట్టింది. ఊళ్లో ఉండం కాబట్టి అక్కడి లెక్కలో లేము. కాగితాలన్నీ ఊరివి కాబట్టి ఇక్కడి లెక్కలోనూ లేము. దీన్ని ఎవరో ఒకరు సభలో అడగాలి అనుకున్నాం. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి 34 మంది ఎమ్మెల్యేలు ఉన్నారు. సభాపతి చింతకాయల అయ్యన్నపాత్రుడు గారు మన నర్సీపట్నం వారే. సభ జరిగేది మన ఇంటికి గంట దూరంలో. అడగకపోతే తప్పు మనదే.

నెలన్నర కూర్చుని పదకొండు పేజీలు రాశాం. కూలి పనుల విషయంలో మన లాయరు సభ్యుడు చెప్పిన ముక్క అందరి కళ్లూ తెరిపించింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమని 1979లో ఒకటి వచ్చింది, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉంది. దాని ప్రకారం కాంట్రాక్టరు కూలీలను వేరే రాష్ట్రానికి తీసుకెళ్తే పేర్లు నమోదు చేయాల్సి ఉండేది, రానుపోను చార్జీలు, ఊరు వదిలి వచ్చినందుకు స్థానచలన భత్యం ఇవ్వాల్సి ఉండేది. కానీ కూలీ రాష్ట్రం సరిహద్దు దాటి ఉండాల్సిందే. అంటే ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి విజయవాడకు తెచ్చిన సెంట్రింగ్ కూలీకి ఆ చట్టం ఉండేది. దాని పక్కనే మన రాష్ట్రంలో ఉన్న పాతపట్నం నుంచి వచ్చిన మనకు లేకపోయింది. ఇద్దరూ ఒకే స్లాబు మీద నిలబడి పని చేస్తారు. భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు తీసుకుందామన్నా ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. మూడు నెలలకో మేస్త్రీ మారే చోట సంతకం పెట్టేదెవరు? అమరావతి పనులు 2025 మే నెలలో మళ్లీ మొదలయ్యాయి. మనవాళ్లు ఇంకా వస్తారు. అందుకే ఇది ఇప్పుడే తేలాలి.

కరెంటు గురించి రాసేటప్పుడు మనలో మనకే వాదన వచ్చింది. ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి కరెంటు ఇస్తోంది. సీలేరు జలవిద్యుత్ కేంద్రం, పరవాడ దగ్గర 2000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం, అన్నీ మన వైపువే. కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్నందుకు కాల్పులు జరిగి మనవాళ్ల ప్రాణాలు పోయాయి. ఆ ఊళ్ల వాళ్లు ఈ సంఘంలో ఉన్నారు. కొవ్వాడ వస్తే పిల్లలకు ఉద్యోగాలొస్తాయని ఆశపడేవాళ్లూ ఉన్నారు. అందుకని కావాలనీ రాయలేదు, వద్దనీ రాయలేదు. భూమి ఇచ్చిన ఊళ్లకు ఏమిచ్చారో, ఎన్ని ఉద్యోగాలు ఇస్తారో సభ ముందు పెట్టమని అడిగాం. నా వరకు అదే సరైన పద్ధతి అనిపించింది.

తుపాను లైన్ల సంగతీ రాశాం. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో స్తంభాలన్నీ పడిపోయి ఊళ్లు చీకట్లో ఉన్నాయి. ఫోన్లు చార్జింగ్ లేక మోగక, ఇంటివాళ్లు ఎలా ఉన్నారో తెలియక ఇక్కడ మనం పడిన టెన్షన్ ఎవరూ మర్చిపోలేదు. హుద్‌హుద్ తర్వాత విశాఖ నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు. ఉద్దానం తీర మండలాలకూ వేయాలని కోరాం.

సేవల దగ్గర పింఛను, రైళ్లు, కిడ్నీ జబ్బు రాశాం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైంది, సంతోషం. సరిపడా డాక్టర్లుంటే డయాలసిస్ కోసం మనవాళ్లు దూరాలు తిరగాల్సిన పని ఉండదు. పత్రం రాసేనాటికి ఇచ్ఛాపురం, సోంపేట స్టేషన్లు ఒడిశాలోని ఖుర్దారోడ్ రైల్వే డివిజన్ కిందే ఉన్నాయి. కొత్త విశాఖ జోన్‌లో కలపమని అడిగాం.

పింఛను పేజీకి మన పైపుల రోడ్డు పెద్దమ్మ ఒకావిడే ఆధారం. నెలాఖరు రాత్రి జనరల్ బోగీలో నిలబడి శ్రీకాకుళం రోడ్ వెళ్తుంది, నాలుగు వేల పింఛను కోసం. ఒకటో తారీఖు పొద్దున్న వేలు పెడితే మెషిన్ తీసుకోలేదు. ఇరవై ఏళ్లు సిమెంటు కలిపిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్లీ పెట్టి, పదో పదకొండో సారికి పడింది. ఆవిడ ఆ వేళ్లు నా ముందు చాపి చూపించింది. ఆ వేళ్లు చూశాకే ఆ పేజీ రాశాను.

మన ప్రాంత ఎమ్మెల్యే గారొకరు ఈ పత్రాన్ని తీసుకుని, మొత్తం చదివి, ఫోన్ చేసి సందేహాలు అడిగారు. సంఘం ఏ పార్టీ వైపూ లేదు కనుక పేరు రాయవద్దని కార్యవర్గం తీర్మానించింది. బడ్జెట్ సమావేశాల్లో, సభ్యులు సమస్యలు ప్రస్తావించే జీరో అవర్‌లో మాట్లాడతానని కబురు పెడితే ఆరుగురం కరకట్ట మీదుగా వెళ్లాం. ఫోన్లు బయటే ఇచ్చేసి గ్యాలరీలో కూర్చున్నాం. ఆయన వంతు వచ్చేసరికి నా అరచేతులు చెమట పట్టాయి. మాట్లాడింది మూడు నాలుగు నిమిషాలే. అందులో పర్లాకిమిడి, పాతపట్నం మాట మనం రాసింది రాసినట్టే చదివారు. పక్కనున్న పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని, ‘మన కాయితమే సదువుతున్నాడు బావూ’ అన్నారు. మంత్రి గారు నోట్ చేసుకున్నామని చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత సంగతి కూడా చెప్పాలి. నోట్ చేసుకున్నది ఏ శాఖకు వెళ్లిందో తెలుసుకోవడానికి ఐదుసార్లు ఆఫీసులకు తిరిగాం. ఒకచోట సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారు, ఇంకోచోట ఫైలు ఇక్కడికి రాలేదన్నారు. కూలి మానుకుని వచ్చినవాళ్లను మధ్యాహ్నం దాకా వరండాలో నిలబెట్టడం బాధ కలిగించింది. రాతపూర్వక జవాబు ఇంతవరకు లేదు.

మనవాళ్లనూ అనక తప్పదు. సంతకాలకు రమ్మని వాట్సాప్‌లో పెడితే సరేనంటూ బొటనవేలి ఎమోజీలు వరదలా వచ్చాయి. ఆదివారం పొద్దున్నే వచ్చింది నలుగురు. పదవులు తీసుకున్న ఇద్దరు ఏడాదంతా ఒక్క సమావేశానికీ రాలేదు. కుదరకపోతే చెప్పండి, ఉత్సాహం ఉన్న కుర్రాళ్లకు ఇస్తాం.

పనిచోట ప్రమాదంలో పోయిన మన సోదరుణ్ని వజ్రపుకొత్తూరు దాకా చేర్చడానికి ఆ రాత్రే బండి డబ్బులు పోగుచేసిన ఆటోనగర్ సభ్యులకు, హాలు ఉచితంగా ఇచ్చిన దాతకు, పత్రాన్ని తెల్లవార్లూ టైపు చేసిన డీటీపీ తమ్ముడికి, వరదలో వండి పెట్టిన అక్కచెల్లెళ్లకు, లాయరు గారికి, ఎమ్మెల్యే గారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. సంక్రాంతి ముగ్గుల పోటీ, పిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి.

జమాఖర్చుల పట్టిక చివర జత చేశాం, కోశాధికారి చదువుతారు. చందా బాకీలున్నవారు దయచేసి ఈ నెలలో కట్టండి.

పింఛను కోసం ఊరికి వెళ్లి వస్తున్నవారి జాబితా తయారవుతోంది. ఎమ్మెల్యే గారు అడిగారు, వచ్చే సమావేశాల్లోపు ఇవ్వాలి. మీ ఇంట్లో అలాంటివారుంటే ఆధార్, పింఛను పుస్తకం జిరాక్సులతో వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం ఆఫీసుకు రండి. వేలిముద్ర పడనివారు ఆ సంగతి కూడా రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి