అంబాసిడర్ రిమ్ముల విషయంలో జరిగిన పొరపాటు

మా అంగడిని నమ్ముకొని వస్తున్న పాత కార్ల యజమానులందరికీ నమస్కారం.

సంక్రాంతికీ ఉగాదికీ మధ్య, వెడల్పు రేడియల్ టైర్లు కోరిన ఐదు అంబాసిడర్ కార్లకు 5 అంగుళాల వెడల్పని చెప్పి 15 అంగుళాల వ్యాసం గల రిమ్ములు బిగించాము. స్టెప్నీలతో కలిపి మొత్తం 25. అవన్నీ 4 అంగుళాల వెడల్పు రిమ్ములే. ఈ సంగతి మీరు బజారులో వినే ముందు నేనే చెప్పడం న్యాయం.

చంద్రగిరి నుంచి వచ్చే ఒక పెద్దాయన కారులో నాలుగు టైర్లూ నడిమధ్యలోనే అరిగిపోతుంటే, గాలి ఎక్కువ పట్టిస్తున్నారని రెండుసార్లు ఆయననే తప్పుపట్టాను. మూడోసారి ఆయన వాదించలేదు. గాలి కొలిచే గేజీని నా చేతికిచ్చి పక్కన నిలబడ్డారు. గాలి సరిగ్గానే ఉంది. టైరు విప్పించి, రిమ్ము లోపలి వైపు మందంగా పట్టిన కొత్త రంగును గరుకు కాగితంతో గీకి, దాని మీద సుద్దపొడి రుద్దితే, లోహంలో అణిగిపోయిన 4జె అన్న ముద్ర తెల్లగా పైకి తేలింది.

రిమ్ము వెడల్పును బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవకూడదు. టైరు బీడు, అంటే టైరు లోపలి గట్టి అంచు, కూర్చునే చోట, దానిని ఆపే రెండు నిలువు అంచుల లోపలి ముఖాల మధ్య ఉన్న దూరమే అసలు వెడల్పు. జె అన్న అక్షరం ఆ అంచు ఆకారాన్ని చెబుతుందే తప్ప వెడల్పును కాదు. 4 అంగుళాలంటే 101.6 మిల్లీమీటర్లు, నా కాలిపర్ (సన్నని కొలతలు తీసే పనిముట్టు) 102 చూపింది. అదే రిమ్ముకు బయటి నుంచి టేపు పెడితే 127, అంటే 5 అంగుళాలు. సరుకు పంపిన వ్యాపారి కొలిచింది ఆ రెండో కొలతనే. ఫోనులో అడిగితే, "అంచు నుంచి అంచుకు ఐదు ఉంది గదా, ఇంకేం కావాల?" అన్నాడు. పన్నెండేళ్లుగా అతని దగ్గర సరుకు కొంటున్నవాణ్ణి నేను. అతని మాట నమ్మి, కాలిపర్ గోడకు వేలాడుతుండగానే కొలవకుండా బిగించిన తప్పు మాత్రం నాదే.

రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఇక్కడ అంగుళం తగ్గింది కాబట్టి పక్కలు లోపలికి లాగుకుపోయి, నడిమి పట్టీ ఉబ్బి నేలను రాసుకుంటోంది. కొండ దిగే ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి పక్కకు మెత్తగా ఊగుతోందని ఇద్దరు చెప్పినప్పుడు స్ప్రింగుల మీద నెపం వేసినందుకు కూడా సిగ్గుపడుతున్నాను.

నాలుగు రాత్రులు నిద్ర పట్టనిది ఒక్క విషయంలోనే. రిమ్మును నిలువునా కోసి, మధ్యలో ఇనుప పట్టీ వెల్డింగు చేసి వెడల్పు పెంచుతామని తెలిసిన లేత్ వాళ్లు ముందుకొచ్చారు. ఖర్చు పావు వంతు కూడా కాదు, పైకి చూస్తే ఎవరికీ తెలియదు. మా ఇంట్లో వాళ్లూ అదే మంచిదన్నారు. కానీ అతుకు వేసిన చక్రం మీద పిల్లాపాపలతో కొండకు వెళ్లే కుటుంబాన్ని పంపించడానికి నా మనసు ఒప్పుకోలేదు. అందుకే ఆ 25 రిమ్ములనూ వెనక్కి తీసుకొని, సరైనవి నా ఖర్చుతో బిగిస్తున్నాను. నడుమ అరిగిన టైర్లకు కూడా కొత్తవి ఇస్తాను. ఈ విషయంలో మొహమాటపడి వద్దనవద్దు, నాకు కోపం వస్తుంది.

మూడు కార్ల పని పూర్తయింది. మిగిలిన రెండింటి యజమానులకు ఫోను చేశాను. కొత్త రిమ్ములు బిగించేవరకు దయచేసి ఘాట్ ఎక్కవద్దు. ఫియట్ యజమానులు కంగారుపడనక్కరలేదు, మీవి 14 అంగుళాల చక్రాలు, ఆ సరుకులోవి కావు.

ఇకమీదట ఫోటో చూసి వెడల్పు చెప్పమంటే చెప్పను. టైరు ఎక్కి ఉన్న రిమ్ముకు బయటి కొలతలో సుమారు అంగుళం తీసివేసి అంచనా కట్టవచ్చు గానీ, ఆ అంచనాతో సరుకు అమ్మను. టైరు విప్పి, మీ ఎదుటే కాలిపర్ పెట్టి, వచ్చిన అంకెను బిల్లు మీద రాసిస్తాను. దీనివల్ల అరగంట ఆలస్యమవుతుంది. తొందరున్నవారు వేరే అంగడికి వెళ్లినా నొచ్చుకోను. ఆ వ్యాపారి సగం ధరకు సర్దుకుందామని నిన్న మళ్లీ కబురంపాడు. అతని రిమ్ములు వెనక షెడ్డులో తాడు కట్టి ఉన్నాయి, లారీ పంపి తీసుకుపొమ్మన్నాను.